రవిక చేతి కింది చర్మం

పుణె,
5 జూలై 1998

మొగులమ్మ అత్తమ్మకు,

నేనూ ఫ్లాస్కూ క్షేమంగా చేరాం. నా సంగతి కన్నా ఫ్లాస్కు సంగతే ముందు అడుగుతావు గనక అదే ముందు రాస్తున్నాను. సంగారెడ్డి బస్టాండులో ఎక్కినప్పటి నుంచి దాన్ని ఒడిలోంచి దించలేదు. జహీరాబాద్ దాటాక పక్క సీటు పెద్దాయన "ఏముందమ్మా అండ్ల, చాయేనా? జెర పొయ్యరాదు," అన్నాడు. మా అత్తమ్మ తోలు ఉందంటే ఆయన ఏమైపోయేవాడో! "మందు తాతా," అన్నాను. షోలాపూర్‌లో ఐసు మార్చాను.

దిగగానే గదికి కూడా పోకుండా ల్యాబుకు వెళ్లాను. నాయనమ్మది, నీది, నాది, మూడు ముక్కలూ బాగానే ఉన్నాయి. ఒక్కోటి శనగబద్దలో సగం కూడా లేదు. వాటిని ఇంకా సన్నగా తరిగి, వేర్వేరు గిన్నెల అడుగున అంటించి, పైన పోషక ద్రవం పోసి, మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టాను. ఆ ద్రవంలో దూడ నెత్తురు నుంచి తీసిన పసుపు నీరు కొంచెం కలుపుతాం. వారం పది రోజుల్లో ముక్క అంచుల నుంచి కణాలు బయటికి పాకుతాయి. గిన్నె నిండితే సగం తీసి ఇంకో గిన్నెలో వేస్తాం. మళ్లీ నిండుతుంది. మళ్లీ సగం చేస్తాం. అలా ఎన్నిసార్లు రెట్టింపవుతాయో లెక్క రాసుకోవడమే నా పని.

మనిషి చర్మ కణాలు ఎల్లకాలం పెరగవు అత్తమ్మా. యాభై సార్లు, అటూ ఇటూగా, రెట్టింపయ్యాక ఆగిపోతాయి. ముసలివాళ్లవి ముందే ఆగుతాయని చాలామంది రాశారు. ఒకే ఇంటి ఆడవాళ్లు, ఎనభై ఒక్కటేళ్లు, నలభై ఏడేళ్లు, ఇరవై ఆరేళ్లు. ఈ ముగ్గురి మధ్య తేడా ఎంతో చూస్తే నా పీహెచ్‌డీలో సగం పని అయినట్టే.

కుట్టు తడవనివ్వకు. నాయనమ్మను గోకనివ్వకు. మామకు నమస్కారాలు.

నీ కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
26 జూలై 1998

కౌసల్యా, బిడ్డా,

నీ ఉత్తరం మీ మామ పెంటయ్య చదువుతుంటే మీ నాయనమ్మ మధ్యమధ్య ఆపి మళ్లీ మళ్లీ చదివించుకుంది. దూడ నెత్తురు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడింది. "నా తోలుకు దూడ నెత్తురు తాపుతున్నదా ఈ పిల్ల? సదువు కోసం పంపితే గివేం పనులే?" అని ఒకటే గొడవ. ఆ రోజు శనివారం కూడాను. రాత్రి ఉపవాసం ఉంది, నీ పాపం పోవాలని.

నాయనమ్మ కుట్టు మానింది. నాదీ మానింది. పైన భుజం కింద మానింది గానీ, కింద చేతులు మాత్రం మానడం లేదు. నువ్వు వచ్చినప్పుడు చూశావు గదా. కంపెనీలో మందుల డ్రమ్ములు కడిగే సెక్షన్లో పదకొండేళ్లు నిండాయి. లోపల ఏ మందు పోశారో మాకు చెప్పరు. కడిగితే నీళ్లు ఒకరోజు పచ్చగా, ఒకరోజు తెల్లగా నురగ. రబ్బరు గ్లౌజులు నెలకొక జత ఇస్తారు, అవి వారానికే చిరుగుతాయి. వేళ్ల సందుల్లో పగిలి నెత్తురు వస్తోంది. పిండి కలిపితే మంట. ఈ ఉత్తరం కూడా మూడు పూటలు కూర్చుని రాశాను. కంపెనీ డాక్టరును అడిగితే "వయసు పైబడుతోంది కదమ్మా," అన్నాడు. నలభై ఏడుకే నా చేతులు మా అమ్మ చేతుల కన్నా ముసలివి అయ్యాయి కౌసల్యా. పక్కపక్కన పెట్టి చూశాము.

నీ పెట్టెలో ఈ సంగతి బయటపడుతుంది గదా? నాతో పని చేసే సంగమ్మకు అదే చెప్పాను. "నా మేనకోడలు పూణెల సూస్తున్నది, ఆగుండ్రి," అన్నాను. మేము పన్నెండు మంది ఆడవాళ్లం. ప్యాకింగ్ సెక్షన్‌కు మార్చమని అడగాలని అనుకుంటున్నాము.

వేళకు తిను. పుణెలో వానలు ఎక్కువట, జాగ్రత్త.

మీ అత్తమ్మ


పుణె,
14 నవంబర్ 1998

అత్తమ్మా,

జవాబు మూడు నెలలు ఆలస్యమైంది. కోప్పడకు. ఈ గిన్నెలకు ఆదివారం లేదు, దీపావళి లేదు. రెండు రోజులకొకసారి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. పండుగ రోజు ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను.

నీ కణాలను చూస్తే నీకు ముచ్చటేస్తుంది. పొడుగ్గా, సన్నగా, అన్నీ ఒకే వైపుకు వాలి ఉంటాయి. సదాశివపేట దారిలో గాలికి పడుకున్న వరిమడి గుర్తొస్తుంది నాకు. నీవి ఇప్పటికి ఇరవై రెండుసార్లు రెట్టింపయ్యాయి. నావి ఇరవై నాలుగు.

నాయనమ్మ దగ్గరే బాధ. రెండు వారాలుగా మందగించింది. పంతొమ్మిది దగ్గర నిలిచిపోయింది. రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తున్నాను, మార్పు లేదు. ఇంక ఎక్కువ రోజులు ఉండదనిపిస్తోంది. మా గైడు సార్ "ఆ వయసుకు ఊహించిందే, బాధపడకు," అన్నారు. కానీ మనసు పాడైంది. నాయనమ్మకు మాత్రం ఏమీ చెప్పకు.

మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను.

కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
6 డిసెంబర్ 1998

కౌసల్యకు,

నువ్వు రాసిన నాలుగు ముక్కలు ఈ ఇంట్లో ఏం చేశాయో విను.

ఉత్తరం మీ మామ మొదట తనలో తాను చదువుకున్నాడు. చదివి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఏందని అడిగితే నా చేతికి ఇచ్చాడు. "ఇంక ఎక్కువ రోజులు ఉండదు" అని నీ అక్షరాలే. జోగిపేట నుంచి మీ నాన్నను పిలిపించాము. నారాయణఖేడ్ నుంచి మీ చిన్నత్త పిల్లలతో వచ్చింది. ఎవరికీ అసలు మాట నోట రాదు. మీ నాయనమ్మ అందరూ ఊరికే వచ్చారనుకుని సంబరపడింది. మూడు రోజులు మటన్ వండించింది, తాను రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

నాలుగో రోజు మంచంలో లేచి కూర్చుని, "ఏందే, అందరు నా దిక్కు గట్ల సూస్తున్రు? నేను గిట్ల పోతున్ననా?" అని అడిగింది. మీ నాన్న ఏడ్చేశాడు. మీ మామ ఆగలేక చెప్పేశాడు.

"ఎవరు జెప్పిన్రు?"

"కౌసల్య రాసింది."

"దానికేమెర్క?"

"పూణెల నీ తోలు పెరుగుతలేదట."

ఆమె "గోర్లు కత్తిరించి పారేస్తున్నం. అవి సచ్చినయని నేను సచ్చిన్నా? నేను గీడున్న. పూణెల లేను," అని దిగిపోయి పెరట్లో చిక్కుడుకాయలు తెంపడం మొదలుపెట్టింది. అందరూ సాయంత్రం బస్సులకు వెళ్లిపోయారు. మీ నాన్నకు నీ మీద చాలా కోపంగా ఉంది.

అంతటితో పోలేదు. వచ్చినవాళ్లను, ఏడుపును వాడకట్టు అంతా చూసింది. తోలు తీసి పుణెకు పంపారంటే ఏదో పెద్ద రోగమేనని పుట్టించారు. నా చేతులు చూసి కుష్టు అంటున్నారు. మొన్న బోరింగు దగ్గర ఒకామె నేను పట్టిన హ్యాండిలు కొంగుతో తుడిచి పట్టుకుంది. నాకు, మీ నాయనమ్మకు ఏ రోగమూ లేదని ఒక కాగితం రాసి, మీ ఆఫీసు స్టాంపు వేసి జల్దీ పంపు. ఇంగ్లీషులోనే రాయి. అప్పుడే నమ్ముతారు.

మీ అత్తమ్మ


పుణె,
20 డిసెంబర్ 1998

అత్తమ్మా, నాయనమ్మా, ఇద్దరికీ,

నన్ను తిట్టండి. నేను కణాల గురించి రాస్తూ "కణాలు" అనే మాట వదిలేశాను. ఆ గిన్నెను రోజూ చూసి చూసి దాన్నే నాయనమ్మ అనుకోవడం అలవాటైంది నాకు. ఇక్కడ మేమందరం అలాగే మాట్లాడతాం. "నాయనమ్మకు ద్రవం మార్చావా?" అని నా స్నేహితురాలు అడుగుతుంది.

నాయనమ్మ చెప్పిందే నిజం. గిన్నెలో కణం ఎన్నాళ్లు పెరుగుతుందన్నది మనిషి ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పదు. నాన్నకు విడిగా రాశాను.

ఇంకో మాట. తప్పు నాయనమ్మ కణాలది కూడా కాదు. దూడ నెత్తురు ద్రవం ఒక సీసా చెడ్డది వచ్చింది. ఆ సీసా వాడింది నాయనమ్మ గిన్నెకే. సీసా మార్చిన వారానికి మళ్లీ పెరగడం మొదలైంది. ఇప్పుడు ఇరవై నాలుగు! సార్ ఆశ్చర్యపోయారు.

కాగితం ఇందులోనే పెడుతున్నాను. మొగులమ్మ, నలభై ఏడేళ్లు, చర్మ కణాల్లో ఏ జబ్బు లక్షణమూ కనిపించలేదు, వయసుకు తగినట్టు ఆరోగ్యంగా ఉన్నాయి అని రాశాను. నాయనమ్మకూ అలాగే విడిగా ఒకటి. ల్యాబు స్టాంపు ఉంది. బోరింగు దగ్గర ఆమెకు చూపించు.

మీ కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
7 ఫిబ్రవరి 1999

కౌసల్యా,

నీ కాగితం వాడకట్టుకు పనికొచ్చింది. కంపెనీకి ఇంకా బాగా పనికొచ్చింది.

మేము పన్నెండు మందిమి ప్యాకింగుకు మార్చమని దరఖాస్తు పెట్టాము. చేతులు ఎట్లా పాడయ్యాయో రాయించాము. పుణె స్టాంపు ఉన్న కాగితం, నా చర్మం గురించి ఇంగ్లీషులో రాసింది, జత చేస్తే బలంగా ఉంటుందని నేనే తీసుకుపోయి పైన పెట్టాను. అందులో ఏముందో చదవగలిగితే పెడతానా?

మొన్న ఆఫీసులో మేనేజరు నరసరాజు గారు అందరినీ పిలిచాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. నవ్వుతూనే, "మొగులమ్మగారూ, పెద్ద ల్యాబు వాళ్లే మీ చర్మం వయసుకు తగినట్టు ఆరోగ్యంగా ఉందని స్టాంపు వేసి ఇచ్చారండీ. మీరే తెచ్చి ఇచ్చారు. ఇంక మమ్మల్ని ఏం చేయమంటారు?" అన్నాడు. పన్నెండు దరఖాస్తులూ ఆ ఒక్క కాగితం చూపించి కొట్టేశారు. నా చేతులే అందరికన్నా ఎక్కువ పాడయ్యాయి గదా, నాకే ఏమీ లేదంటే మిగతావాళ్లకు ఏముంటుంది అని.

బయటికి వచ్చాక సంగమ్మ అడిగింది. "అక్కా, నీ కోడలు మనకు రాసిచ్చిందా, కంపెనోళ్లకు రాసిచ్చిందా?"

జవాబు నీ దగ్గర ఉంటే చెప్పు. నా చేతులు బాగున్నాయా కౌసల్యా? నువ్వు చూడలేదా? నీకు అన్నం కలిపి పెట్టిన చేతులే గదా. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా సంగారెడ్డిలో చదువుకుంటూ మా ఇంట్లోనే ఉన్నావు. నేను అబద్ధం చెప్తున్నానని కంపెనీ ముందర రాసిచ్చావు.

బస్సులో సంగమ్మ ఇప్పుడు వేరే సీట్లో కూర్చుంటోంది.

మొగులమ్మ


పుణె,
16 ఫిబ్రవరి 1999

అత్తమ్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. సంజాయిషీ రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను.

నీ చర్మం ఎక్కడి నుంచి తీశామో ఆ కాగితంలో నేను రాయలేదు. భుజం కింద, రవిక చేతి లోపలి వైపు నుంచి తీయించాను. మాకు ఎండ తగలని చర్మం కావాలి, పని తగలని చర్మం కావాలి, ఏ మందూ పడని చర్మం కావాలి. అప్పుడే వయసు ఒక్కదాని ప్రభావం తెలుస్తుంది. అంటే నీ పదకొండేళ్ల డ్రమ్ములు లెక్కలోకి రాకూడదనే ఆ చోటు ఎంచుకున్నాం. ఆ కణాలు బాగున్న మాట నిజం. నీ చేతుల గురించి అవి ఒక్క మాట కూడా చెప్పవు.

ఇది నేను జూలైలోనే నీకు చెప్పాలి. "నీ పెట్టెలో బయటపడుతుంది గదా" అని నువ్వు అడిగావు. చదివాను. చదివి, తర్వాత రాద్దామని పక్కన పెట్టాను. నా మనసంతా లెక్క మీద ఉంది. అంతకన్నా ముందే ఇంకో తప్పు చేశాను. డాక్టరు గారి దగ్గర నీ చేత సంతకం, నాయనమ్మ చేత వేలిముద్ర వేయించింది ఇంగ్లీషు కాగితం మీద. "ఏందే ఇది?" అని నువ్వు అడిగావు. "ఏం లేదత్తమ్మా, ఊరికే," అన్నాను. బయటివాళ్లయితే చదివి వినిపించేదాన్ని. మీరు నావాళ్లు గనక అక్కర్లేదనుకున్నాను.

సరిచేసి ఇంకో కాగితం పంపనా? సార్‌కు అన్నీ చెప్పి, ఆయన సంతకంతో పంపిస్తాను.

కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
23 ఫిబ్రవరి 1999

కౌసల్యా,

కాగితం వద్దు. నువ్వు రా. మార్చి ఎనిమిదో తారీఖు సోమవారం సంగారెడ్డిలో లేబర్ ఆఫీసరు దగ్గరికి రమ్మన్నారు. పన్నెండు మందిమీ పోతున్నాము. అవసరమైతే చేతి మీది తోలు కూడా తీసుకుపొమ్మని చెప్పు అంటున్నారు వీళ్లు. నేనూ ఇస్తాను.

మొగులమ్మ


పుణె,
11 మార్చి 1999

అత్తమ్మా,

సోమవారం బస్సు టైమైపోయి పరుగెత్తాను. నువ్వు బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు లోపల జరిగింది నీకు చెప్పనే లేదు. సంగమ్మ లోపలే ఉంది, చెప్పే ఉంటుంది. అయినా నా నోటితో నువ్వు వినాలి.

ఆఫీసరు మేడమ్ ఆ కాగితం నా ముందు పెట్టారు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

నరసరాజు గారు వెంటనే అందుకున్నారు. "చూశారాండీ. ఆరోగ్యంగా ఉందని ఆవిడే రాశారు."

"రాశాను. ఎక్కడి చర్మమో రాయలేదు. రవిక చేతి కింద కప్పి ఉండే చర్మం అది. డ్రమ్ము నీళ్లు దానికి తగలవు."

"అయితే చేతులు పాడయింది మా కంపెనీ వల్లేనని మీ పరీక్ష చెబుతుందా అమ్మా?" అని ఆయన అడిగారు.

అప్పుడు సంగమ్మ నా మొహంలోకి చూసింది అత్తమ్మా. అవునని ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఒకసారి తెలియనిదాన్ని తెలిసినట్టు రాసే మిమ్మల్ని ఇంత దూరం తెచ్చాను.

"చెప్పదు," అన్నాను.

ఆయన నవ్వారు. "మరి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"చేతులు బాగున్నాయని కూడా అది చెప్పదని చెప్పడానికి వచ్చాను. ఆ కాగితాన్ని దరఖాస్తుల మీద నుంచి తీసేయండి. చేతుల సంగతి చేతులు చూసే డాక్టరును అడగండి."

ఆఫీసరు గారు రాసుకున్నారు. సంతకం పెట్టమన్నారు. ఈసారి మొత్తం చదివి పెట్టాను.

మీ చేతి చర్మం నేను తీసుకోను అత్తమ్మా. పగిలిన చోట కోస్తే మానదు. ఒకరిద్దరి ముక్కలతో ఏదీ తేలదు కూడా. చర్మ వైద్యుడు చూసి రాసేదే మీకు బలం.

బస్సెక్కే ముందు సంగమ్మ నాతో ఒక మాట అంది. "అబద్ధం జెప్తవనుకున్న. జెప్తే బాగుండు అని గూడ అనుకున్న." అంతే అని వెళ్లిపోయింది. కోపమో కాదో తెలియలేదు.

కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
18 ఏప్రిల్ 1999

బిడ్డా కౌసల్యా,

నువ్వు బస్సెక్కాక ఆఫీసరు బయటికొచ్చి మెట్ల మీద అందరినీ చేతులు చాపమంది. ఇరవై నాలుగు చేతులు. ఒక్కొక్కటి తిప్పి చూసింది. ముట్టుకుని చూసింది. బోరింగు దగ్గరి ఆమె కూడా ముట్టుకోని చేతులు. "ఎన్నేళ్ల నుంచి?" అని మాత్రమే అడిగింది. ఒకరు తొమ్మిది అన్నారు, ఒకరు ఆరు. ఇరవై మూడేళ్ల పిల్ల ఒకతి ఉంది, "ఏడాదిన్నర మేడమ్," అన్నది. దాని చేతులూ నా చేతులూ ఒక్కతీరే ఉన్నాయి. అప్పుడు ఆమె నరసరాజు గారి వైపు చూసి, "ఈ పిల్లది కూడా వయసేనా?" అన్నది.

సంగారెడ్డిలో చర్మం డాక్టరు చూసి, ఇది పనిలో తగిలే మందుల వల్ల వచ్చిందని రాశాడు. ఆఫీసరు కంపెనీకి వచ్చి కడిగే చోటు చూసి పోయింది. ఇప్పుడు మోచేతుల దాకా వచ్చే మందం గ్లౌజులు ఇస్తున్నారు. పదిహేను రోజులు డ్రమ్ములు, పదిహేను రోజులు ప్యాకింగు. పూర్తిగా మార్చమంటే మార్చలేదు. సంగమ్మ మొదటి విడతలోనే ప్యాకింగుకు పోయింది. నన్ను మాత్రం ఆఖరి విడతలో వేశారు. కాగితం తెచ్చిందీ నేనే, గొడవ తెచ్చిందీ నేనే అని కావచ్చు. వచ్చే నెల నా వంతు. డాక్టరు ఇచ్చిన పూత రాస్తుంటే మంట తగ్గింది.

మీ సార్ ఏమన్నాడు? అది రాయలేదు నువ్వు. దాచకు.

మొన్న మీ నాన్న వచ్చాడు. నీ మీద కోపం పోయినట్టే ఉంది. ల్యాబులో గిన్నెలు కడిగే ఉద్యోగమా అని ఇంకా అడుగుతున్నాడు గానీ.

మీ అత్తమ్మ


పుణె,
30 మే 1999

అత్తమ్మకు,

నా సంగతి అడిగావు గనక చెప్తాను. అనుమతి లేకుండా ల్యాబు స్టాంపు వాడినందుకు సార్ చాలా కోప్పడ్డారు. ఆర్నెల్లు నా థీసిస్ వెనక్కి జరిగింది. వేరే శిక్ష లేదు. నేను ఇంతకన్నా ఎక్కువే అనుకున్నాను.

ఇక లెక్క తేలింది. నీ కణాలు నలభై నాలుగు దగ్గర ఆగాయి. నావి నలభై తొమ్మిది. నాయనమ్మవి నలభై ఆరు! నీకన్నా రెండు ఎక్కువ. మూడు వారాలు వేచి చూశాం, ఇంక కదలలేదు. చనిపోలేదు, ఆగాయి. పెద్దవై, వెడల్పై, ఎక్కడివక్కడ ఉన్నాయి. ద్రవం పోస్తే తీసుకుంటున్నాయి. ఇంకా నెలలు అలాగే ఉంటాయట.

ఎనభై ఒక్కటికీ నలభై ఏడుకీ తేడా లేదంటే మేం నమ్ముకున్న లెక్కకు ఇది అడ్డం వస్తుంది. మరోచోట ఎవరో ఇలాంటిదే చూశారని సార్ అంటున్నారు. అందుకే నాయనమ్మ కణాలు ఆయనకు ఇప్పుడు చాలా ముఖ్యం. మొదట్లోనే కొన్ని కణాలు తీసి, చిన్న చిన్న సీసాల్లో, మంచు కన్నా ఎన్నో రెట్లు చల్లని ద్రవంలో దాచాను. నావీ నీవీ నాయనమ్మవీ. వాటిని కరిగించి మొత్తం మళ్లీ చేస్తేనే ఎవరైనా నమ్ముతారు.

కానీ దాచి ఉంచడానికి మీరిద్దరూ ఒప్పుకున్నారని నేను అనుకోలేను. ఒప్పుకున్న కాగితం మీకు తెలియని భాషలో ఉంది. అందుకే దాన్ని తెలుగులో రాసి పంపుతున్నాను. మామ చేత ఒక్కో మాటా చదివించుకోండి. ఉంచమంటే ఉంచుతాను, తీసేయమంటే తీసేస్తాను. కారణం చెప్పక్కర్లేదు. నన్ను చూసి ఒప్పుకోవద్దు.

కౌసల్య


పోతిరెడ్డిపల్లి,
20 జూన్ 1999

కౌసల్యా,

కాగితం రెండు సాయంత్రాలు చదివించుకున్నాము. నావి ఉంచు. సంతకం పెట్టాను. ఒక మాట కింద నేనే రాశాను, చూడు. నా తోలు నుంచి ఏం తెలిసినా ముందు నాకు తెలుగులో చెప్పి, తర్వాతే ఇంకెవరికైనా చెప్పాలి.

మీ నాయనమ్మ ఒప్పుకోలేదు. నీ సార్‌కు ఎంత అవసరమో, నీ చదువుకు ఎంత అవసరమో అన్నీ చెప్పాను. ఒత్తిడి పెట్టవద్దన్నావు గానీ కొంచెం పెట్టాను కూడా. ఆమె అంతా విని అడిగింది. "ఆ చలిల ఎన్నేండ్లు పెడ్తరు?"

"ఎన్నేండ్లయినా పెట్టొచ్చట అమ్మా."

"నేను పోయినంక గూడనా?"

"ఆఁ."

"అయితే వద్దు. అందరం ఒక్కసారే పోవాలె. నాది ఇంత ముక్క ఎక్కడ్నో చలిల ఒక్కతే కూసుండుడు నాకు నచ్చలే. పిల్లకు జెప్పు, కోపంతోటి అంటలేనని. దూడ నెత్తురుకు గూడ కాదని జెప్పు."

వేలిముద్ర "తీసేయాలి" అన్న చోట వేసింది. తెలుగులో ఏది ఎక్కడుందో రెండుసార్లు వేలు పెట్టి చూపించమని అడిగి మరీ వేసింది.

నీ పని పాడవుతుందేమోనని నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఏం చేసినా ఇక్కడ మాకు కనిపించదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మీ అత్తమ్మ


పుణె,
29 జూన్ 1999

అత్తమ్మా,

నిన్న పొద్దున పదకొండు గంటలకు నాయనమ్మ సీసాలు బయటికి తీశాను. ఐదు ఉన్నాయి. సార్‌కు వేలిముద్ర ఉన్న కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇంకోసారి అడిగి చూడు," అన్నారు. అడగనన్నాను. ఏడాది పని పోతోందన్నారు. పోతోందన్నాను. ఆ తర్వాత ఆయనే వచ్చి పక్కన నిలబడ్డారు.

కాసేపట్లో కరిగిపోయాయి. పెట్టెలో ఆగి ఉన్న గిన్నెలు కూడా తీశాను. ఇక్కడి నియమం ప్రకారం ఆవిరి మీద ఉడికించాకే పారేయాలి. అలాగే చేశాను. మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేదు, అన్నీ నేనే చేశాను. రిజిస్టరులో ఆమె పేరు ముందు "దాత కోరిక మీద తీసేశాం" అని రాసి సంతకం పెట్టాను. థీసిస్‌లో ఆమె లెక్క ఒక్కసారి చేసినదిగానే ఉంటుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు, లేకపోతే లేదు.

నాయనమ్మకు చెప్పు. పుణెలో ఆమెది ఇంక ఏమీ లేదు. మొత్తం అక్కడే, మీ దగ్గరే ఉంది.

కౌసల్య